నిప్పార్పేవాళ్ల టోపీలు

ఆ టోపీ నా చేతికి వచ్చేనాటికి నాకు ముప్పై ఏళ్లు. కొత్త పైసలు వచ్చిన కొత్తలు. సూళ్లూరుపేట స్టేషనుకు పోయే దారిలో, కిరాణా అంగడి పక్కన, రెండు కుట్టుమిషన్లు పట్టేంత కొట్టు నాది. మా నాన్న కాలం నుంచీ మేము యూనిఫారాలు కుట్టేవాళ్లం. రైల్వేవాళ్ల కోట్లు, పోలీసుల నిక్కర్లు, బడిపిల్లల చొక్కాలు మా ఇంటి బతుకు. టోపీలు మాత్రం నేను ఇష్టపడి నేర్చుకున్న పని. చొక్కా కాస్త వదులైతే మనిషి సర్దుకుంటాడు. టోపీ అరంగుళం పెద్దదైతే చెవుల మీదికి దిగుతుంది, చిన్నదైతే నెత్తిన గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. తలను మోసం చేయడం కష్టం.

ఊరి చివర జర్మనీ మిషనరీలు నడిపే చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. అందులో నర్సును అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. ముప్పై నాలుగేళ్లుంటాయేమో. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్న మనిషి కాబట్టి మాట్లాడితే ఉత్తరం చదువుతున్నట్టుండేది. ఒకరోజు సైకిలు దిగి, గుడ్డలో చుట్టిన పొట్లం నా బల్ల మీద పెట్టింది.

“టైలర్ గారూ, ఇది మా నాన్నగారి టోపీ. ఆయన చనిపోయారు. మా అక్క పంపింది. దారిలో పురుగు కొట్టింది. బాగుచేయగలరా?”

విప్పి చూశాను. నలుపనిపించేంత ముదురు నీలం ఉన్ని. అంచు చుట్టూ దారమంత సన్నని ఎర్ర పైపింగు. ముందు నిగనిగలాడే నల్ల తోలు రెక్క. లోపల నుదురు తాకేచోట మెత్తని తోలు పట్టీ, ఆ పట్టీ వెనక ఎవరికీ కనపడనిచోట చిటికెన వేలి గోరంత రిబ్బను ముడి. ఎవరికీ కనపడని చోట అంత ముచ్చటగా ముడి వేసిన పనివాడెవడో అని నాకు ఆ క్షణంలోనే ఆరాటం పుట్టింది.

“మీ నాయన పోలీసా సిస్టరమ్మా?”

“కాదు. రొట్టెలు కాల్చేవారు. ఇది మంటలార్పే దళం టోపీ.”

“రెండు ఉద్యోగాలా?”

“ఇది ఉద్యోగం కాదు. మా ఊళ్లో గంట మోగితే రొట్టెలవారు, వడ్రంగి, రైతు, అందరూ పని వదిలి పరుగెత్తుతారు. జీతం లేదు. టోపీ ఇస్తారు.”

ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఎందుకంటే నాకు పన్నెండేళ్లప్పుడు మా వీధిలో తాటాకు ఇళ్లు వరసగా కాలిపోయాయి. ఎండాకాలం, పడమటి గాలి. ఎవరి సామాను వాళ్లు మోసుకుని పారిపోవడమే తప్ప ఆర్పుదామన్న మనిషి లేడు. మా నాన్న మిషను తల పీకి భుజాన వేసుకుని బయటపడ్డాడు. మా అమ్మ పెళ్లినాటి పెట్టె లోపలే పోయింది. నెల్లూరు నుంచి ఫైరింజను వచ్చేసరికి కాలడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆరోజు ఊళ్లో ఒక గంట, దానికి పరుగెత్తే పదిమంది ఉంటే ఎట్లా ఉండేదో అప్పుడు నేను ఊహించలేదు. సిస్టరమ్మ చెప్పినాకే ఊహించాను.

టోపీని నాలుగు రోజులు ఉంచుకున్నాను. పురుగు కొట్టిన చోటల్లా అదే టోపీ లోపలి మడతలోంచి పోగులు లాగి రఫూ చేశాను. ముందువైపు దళం గుర్తున్న బిళ్ల ఊడదీస్తే దాని వెనక గుడ్డలో వేరే బిళ్ల తీగకాళ్లు దిగిన చీలికలు నాలుగు కనిపించాయి. పాత బిళ్ల ఏదో మార్చినారులే అనుకుని, వాటిని కూడా పోగు పోగుగా మూసేశాను. టోపీ తిరిగి ఇచ్చినప్పుడు సిస్టరమ్మ బొటనవేలితో సరిగ్గా అక్కడే తడిమి చూసింది. నా వైపు చూసింది. థాంక్సు చెప్పి వెళ్లిపోయింది.

టోపీ వెళ్లిపోయినా నా చేతులు ఊరుకోలేదు. గుర్తున్నంత వరకు అలాంటిది కుట్టబోయాను. మూడు సార్లు కుట్టాను, మూడు సార్లూ కప్పు వాడిన ఆకులా వాలిపోయింది. లోపల తీగ చట్రం ఎక్కడ దాగిందో, నుదుటి పట్టీని ఏ వరసలో కుట్టారో ఒక్కటి చూస్తే అంతుపట్టదు. విప్పి చూడటానికి నాదంటూ ఒకటి కావాలి. ఒకటి కాదు, నాలుగైదు కావాలి. సిస్టరమ్మ దగ్గరికి వెళ్లి, మీ దేశంలో నిప్పార్పేవాళ్లకు ఉత్తరం రాసిపెట్టమని అడిగాను.

ఆమె మొదట నవ్వింది. నేను నవ్వకపోయేసరికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఉత్తరంలో ఇంతే ఉంది. నేను హిందూదేశంలో సముద్రం దగ్గర ఒక చిన్న ఊళ్లో టోపీలు కుట్టే దర్జీని. మీరు వాడి పక్కన పడేసిన పాత టోపీ ఒకటి పంపితే విప్పి చూసి నేర్చుకుంటాను. బదులుగా మా దేశపు ఫైరువాళ్ల ఖాకీ టోపీ నా చేత్తో కుట్టి పంపుతాను. మీ తల చుట్టుకొలత రాయండి.

“మీ ఊరికి కూడా రాయొచ్చు గదమ్మా?” అన్నాను.

“ఆ ఊరికి వద్దు,” అంది. పాత అట్లాసు తెరిచి వేరే ఊళ్ల పేర్లు కొన్ని రాసిచ్చింది.

నాకు తెలుగు, ఉర్దూ వచ్చు. ఇంగ్లీషు అంగడి బోర్డుల వరకు. జర్మనీ భాష ముక్క రాదు. అయినా ప్రతిసారీ ఆమెను రాయమనడం బాగుండదు కదా. అందుకని ఆ ఉత్తరాన్ని బల్ల మీద పరిచి, గుడ్డ మీద సుద్దతో నమూనా దించినట్టు ఒక్కో అక్షరం దించేవాణ్ణి. మొదటి ఉత్తరానికి ఒక పూట పట్టింది. ప్రతి శుక్రవారం నమాజు నుంచి వచ్చి ఒక నీలం విమాన ఉత్తరం రాసి పోస్టులో వేయడం నియమం పెట్టుకున్నాను. వాన వచ్చినా, పండగల రద్దీలో గుడ్డలు గుట్టపడినా ఆ నియమం తప్పలేదు.

ఒక నెల, రెండు నెలలు, ఐదు నెలలు. జవాబు లేదు. పోస్టుమాన్‌కు నేను వేడుకైపోయాను.

“సాయిబన్నా, నీ పెండ్లి పిలుపులకి ఎవరూ వస్తున్నట్టు లేరే?”

“వస్తారు. దూరం గదా,” అనేవాణ్ణి.

మా ఇంటావిడ ఇంకా సూటిగా అడిగింది. “ఏమయ్యా, ఉండే ఒక్క తలకి ఎన్ని టోపీలు కావాల నీకు?”

“తలకి కాదు, చేతులకి,” అన్నాను. ఆమెకు ఆ జవాబు నచ్చలేదు గానీ, ఉత్తరం మానమని మాత్రం మళ్లీ అనలేదు.

ఎనిమిదో నెలలో మొదటి పార్సిలు వచ్చింది. అది కొండల మధ్య ఊరని సిస్టరమ్మ చెప్పింది. లోపల టోపీ, దాంతోపాటు మనుషుల ఫోటో ఒకటి. పదకొండు మంది మీసాలవాళ్లు ఒక చేతిపంపు బండి ముందు వరసగా నిలబడ్డారు. వెనక ఒక అంకె రాసి ఉంది, తల కొలత. ఆ పూట నేను ఇంకే గుడ్డా ముట్టలేదు. టోపీ లోపలి పట్టీ కుట్టు ఒక్కొక్కటే విప్పుకుంటూ, విప్పినదల్లా కాగితం మీద గీసుకున్నాను. తీగ చట్రం గుడ్డకు కుట్టలేదు. దానికి విడిగా ఒక గొట్టంలాంటి తొడుగు కుట్టి, అందులో తీగను వదులుగా వదిలారు. అందుకే కప్పు బిగువుగా ఉన్నా మొండిగా లేదు. మూడుసార్లు నేనెక్కడ ఓడిపోయానో అర్థమైంది. టోపీని యథాతథంగా తిరిగి కుట్టి, ఖాకీ టోపీ ఒకటి తయారుచేసి వాళ్లకు పంపాను.

తరువాత ఒక్కోటీ రావడం మొదలైంది. ఒకదానికి తెలుపు నీలం గళ్ల బొత్తాము, ఒకదానికి వెండి తాడు, ఇంకొకదానికి ఆ ఊరి కోటగోడ అచ్చు పోసిన బిళ్ల. ఒక టోపీ తోలు పట్టీ మీద పెన్సిలుతో ఒకదాని కింద ఒకటి మూడు పేర్లు ఉన్నాయి. తాత, తండ్రి, కొడుకు అయి ఉంటారు. మా సముద్రపు గాలికి వారం తిరక్కుండా తోలు మీద బూజు పట్టేది. ఉన్నిలో పురుగు సరేసరి. ఒక మధ్యాహ్నం ఇంటికి వెళ్లేసరికి మా ఇంటావిడ టోపీలన్నీ నీడలో ఆరబెట్టి, పెట్టె అడుగున ఎండు వేపాకు పరుస్తూ కనిపించింది.

“చూస్తా చూస్తా పురుగులకి పెట్టమంటావా?” అంది, నేనేమీ అడగకముందే.

ఆరో టోపీ మద్రాసు కస్టమ్స్‌లో ఆగిపోయింది. చీటీ పట్టుకుని పొద్దున రైలెక్కి వెళ్లాను. అక్కడి ఆఫీసరు టోపీని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, “ఇది మిలిటరీ టోపీ, ఇవ్వడానికి లేదు,” అన్నాడు. ఫైరు టోపీ సార్ అంటే రుజువేందన్నాడు. రెండోసారి సిస్టరమ్మ చేత కాగితం రాయించుకుని వెళ్తే ఆ ఆఫీసరు సెలవులో ఉన్నాడు. మూడోసారి వెళ్లి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాను. చివరికి ఆయనే పిలిచాడు.

“ఏంటయ్యా, ఒక పాత టోపీకి మూడుసార్లు రైలెక్కావా?”

“నాలుగోసారి కూడా ఎక్కుతాను సార్.”

టోపీ నా చేతికిచ్చి, సరే చెప్పు అన్నాడు. పట్టీ మడిచి లోపలి కుట్టు చూపించాను. బిళ్ల మీద గొడ్డలి, నిచ్చెన చూపించాను. సిపాయికి నిచ్చెన ఎందుకు సార్ అన్నాను. ఆయన వంగి చాలాసేపు చూశాడు. సంతకం పెట్టాడు. నేను లేవబోతూ, ఆయన సొంత టోపీ బల్ల మీద చూసి ఉండబట్టలేక, “మీది కుడివైపు దిగుతుంది గదా సార్?” అన్నాను. “నీకెట్లా తెలుసు?” అన్నాడు. పట్టీ కుట్టినవాడు ఒకపక్క ఎక్కువ లాగేశాడని చెప్పాను. ఆ తరువాత నా పార్సిలు ఒక్కటి కూడా ఆయన ఆపలేదు.

అరవైలు వచ్చాయి. పదకొండో టోపీ ఒక ముసలావిడ పంపింది. భర్త పోయాడని, అటక మీద దొరికిందని రాసిన సంగతి తరువాత చదివించుకుంటే తెలిసింది. పొట్లం విప్పేటప్పుడు పక్కనున్న కిరాణా అంగడి శెట్టిగారు తొంగి చూశారు. బిళ్ల మీద రెక్కలు చాచిన గద్ద, దాని కాళ్ల కింద స్వస్తిక గుర్తు.

“ఇదేంది సాయిబన్నా, మా లెక్కల పుస్తకం మీద పెట్టే గుర్తే గదా! వాళ్లకీ ఉందా?” అని సంబరపడ్డారు ఆయన.

నాకు యుద్ధం సంగతి కొంత తెలుసు. ఆ గుర్తు ఎవరిదో కూడా విన్నాను. కానీ వినడం వేరు. మర్నాడు సిస్టరమ్మ వచ్చి బల్ల మీద ఆ టోపీ చూసినప్పుడు ఆమె ముఖం చూశాను. నిలబడ్డచోటే నిలబడిపోయింది.

“దీన్ని కాల్చేయండి,” అంది.

నేను స్టూలు జరిపాను. కూర్చోలేదు.

“టైలర్ గారూ, మా నాన్నగారి టోపీలో మీరు నాలుగు చీలికలు మూశారు. అవి ఈ బిళ్లవే. నాకు పద్నాలుగేళ్లప్పుడు మా ఊళ్లో యూదుల ప్రార్థనాలయానికి నిప్పు పెట్టారు. ప్రమాదం కాదు. పెట్టారు. గంట మోగింది. మా నాన్నగారి దళం వెళ్లింది. నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డారు. పక్క ఇళ్ల కప్పులు తడిపారు. కాలుతున్న గుడి మీద ఒక్క చుక్క పోయలేదు. పోయవద్దని పైనుంచి ఉత్తరువు.”

“మీరు చూసినారా?”

“చూశాను. రొట్టెల బుట్ట నా చేతిలో ఉంది. మా నాన్నగారు నన్ను చూశారు. ఇరవై ఏళ్లు ఆ మాట మేమిద్దరం ఎత్తలేదు. పోయేముందు టోపీ నాకు పంపమన్నారట. ఎందుకో నాకు తెలియదు.”

మిషను మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. దేవుణ్ణి తలుచుకునే ఇల్లు అది ఎవరిదైనా, కాలుతుంటే గొట్టం చేతిలో పెట్టుకుని నిలబడిన మనుషులు. నాలుగేళ్లుగా ఆ మనుషుల టోపీలనే కదా నేను ముద్దు చేస్తున్నది. జీతం తీసుకోకుండా పరుగెత్తేవాళ్లని ఊరంతా చెప్పుకున్నది.

“కాల్చండి,” అని మళ్లీ అంది.

“కాల్చను సిస్టరమ్మా,” అన్నాను. “కాలిస్తే అది లేకుండా పోతుంది. ఉంచుతాను. టోపీలు చూడటానికి ఎవరు వచ్చినా ముందు ఇదే చూపిస్తాను. మీరు చెప్పిన మాట చెప్తాను. మీ నాయన పేరు చెప్పను.”

ఆమె సైకిలెక్కి వెళ్లిపోయింది. ఆ తరువాత చాలా నెలలు నా కొట్టు గడప తొక్కలేదు. ఆసుపత్రి గుడ్డలు అక్కడి ఆయా చేతికిచ్చి పంపేది. నేను మాట నిలబెట్టుకున్నాను. ఎవరు వచ్చినా మొదట గద్ద టోపీ తీసి చెప్పేవాణ్ణి. కొందరు వినేవాళ్లు, కొందరు మిగతావి చూపించమనేవాళ్లు. శుక్రవారం ఉత్తరాలు మాత్రం ఆగలేదు. మూడు వారాలు మానేశాను, నిజమే. మా ఇంటావిడ, “ఒకడు చెడ్డపని చేసినాడని కుట్టు పని చెడ్డదై పోద్దా? రాయి,” అంది. మళ్లీ రాశాను.

ఆ మరుసటి ఎండాకాలం, కొలతలు తీసుకోవడానికి దొరవారిసత్రం వైపు వెళ్లాను. అక్కడొక ఆసామి ఇంట్లో పెళ్లి బట్టలు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, ఆయన పొలం అవతలున్న యానాదుల గుడిసెల్లో పొగ లేచింది. ముప్పై గుడిసెలు, అన్నీ ఆకుకప్పులే. మగవాళ్లు పులికాటు చెరువులో చేపలకు పోయారు. ఆడవాళ్ల కేకలు వినిపిస్తున్నాయి.

ఆసామి బావి మీద ఆయిలింజను ఆడుతోంది. ఆయన మనుషులు పదిమంది కడవలతో పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. వాళ్లు పోసింది ఆసామి గడ్డివామి మీద. గాలి ఇటు తిరిగితే వామి అంటుకుంటుందని. తప్పేమీ కాదు అనుకున్నాను. వామి నాలుగువైపులా తడిసి నీళ్లు కారాక ఇంజను ఆపేశారు. కడవలు కింద పెట్టారు. గుడిసెల వైపు తిరిగి నిలబడ్డారు. చూస్తున్నారు.

ఎవరో నాకు ముందే చెప్పిన దాన్ని కళ్లతో చూస్తున్నట్టు ఉంది.

“ఇంజనెందుకు ఆపినారు? వేయండి!” అని అరిచాను.

“వాళ్ల కుంటలో నీళ్లుండాయిలే సాయిబన్నా,” అన్నాడొకడు. ఆ కుంట ఎండిపోయి పగుళ్లిచ్చిందని అందరికీ తెలుసు.

రెండు కడవలు అందుకుని నేనే బావి పక్క తొట్టిలో ముంచుకుని పరుగెత్తాను. రెండో విడతకు ఒక ముసలి పాలేరు నా వెనక వచ్చాడు. మూడో విడతకు నలుగురయ్యాం. తొట్టి ఖాళీ అయింది. ఇంజను తిప్పేవాడు ఆసామి ముఖం చూస్తూ నిలబడ్డాడు. ఒక గుడిసెలో పసిబిడ్డ ఉందని ఒకామె నా మీద పడి ఏడుస్తుంటే, తడిసిన గోనె కప్పుకుని నేనూ ఆ పాలేరూ తలుపు తడిక పీకాం. నా అరచేతులు ఆ తడికకే అంటుకున్నాయి. బిడ్డ దక్కింది. ఇరవై ఆరు గుడిసెలు పోయాయి.

సిస్టరమ్మ ఎద్దులబండి మీద మందుపెట్టెతో వచ్చింది. అందరికీ కట్లు కట్టి ఆఖరున నా దగ్గరికి వచ్చింది. రెండు చేతులకూ మందు రాసి గుడ్డ చుడుతూ ఉండగా జరిగింది చెప్పాను. వామి, కడవలు, ఆగిన ఇంజను, అన్నీ. ఆమె తల ఎత్తలేదు.

“రెండు నెలలు సూది పట్టరాదు,” అంది. కట్టు ముడి వేసి, “ఉత్తరాలు ఎట్లా రాస్తారు?” అంది.

“ఈసారి టోపీ అడగను సిస్టరమ్మా. గొట్టం అడుగుతాను. మీరు రాయాల.”

రెండు రోజుల తరువాత ఆమే కొట్టుకు వచ్చి ఉత్తరం రాసింది. పై చిరునామా రాసేటప్పుడు కలం ఆగింది. తరువాత రాసింది. ఏ ఊరని అడిగాను.

“మా ఊరు,” అంది.

చేతులకు కట్టు ఉండగానే నేను ఆసామి ఇంటికి తిరగడం మొదలుపెట్టాను. మంట లేచినప్పుడు ఇంజను వాడుకోవడానికి మాట కావాలి, అంతే. మొదటిసారి ఆయన విసుక్కున్నాడు.

“నా వామి తగలబడితే నా గొడ్లకి నువ్వు గడ్డి పెడతావా సాయిబూ?”

“వామి తడపబాకండని నేను అన్లేదు రెడ్డిగారూ. తడిపినాక ఇంజను ఆపినారే, అది ఆపబాకండి అంటుండా.”

“పో, పోయి నీ బట్టలు కుట్టుకో.”

రెండోసారి ఇంట్లో లేరన్నారు. మూడోసారి ఉన్నా లేరన్నారు. నాలుగోసారి గద్ద టోపీ సంచిలో పెట్టుకుని వెళ్లి, వసారాలో నేల మీద కూర్చుని, సిస్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. “నాకు కథలు జెప్పబాకు,” అన్నాడాయన. కానీ టోపీ చేతిలోకి తీసుకుని లోపలికి తిప్పి చూశాడు. ఐదోసారి వెళ్లేసరికి, నేను నోరు తెరవకముందే, “ఇంజను గది తాళంచెవి పాలేరు దగ్గర ఉంటది. వాడికి జెప్పినాలే,” అన్నాడు. టోపీ కథ వల్లనో, నా పోరు పడలేకనో నాకు ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

చలికాలం దిగేవేళకు గొట్టం వచ్చింది. కస్టమ్స్ ఆఫీసరు నన్ను చూసి, “టోపీలయిపోయి దీనికొచ్చావా?” అని తల పట్టుకున్నాడు. అరచేయంత వెడల్పు, చుట్ట చుట్టిన నార గొట్టం, యాభై గజాలుంటుంది. రెండు చివర్లా ఇత్తడి బిగింపులు. లోపల చీటీ ఒకటే వాక్యం. సిస్టరమ్మ చదివింది. “గొట్టం పాతది, వాడేముందు బాగా తడపండి.” ఇంకేమైనా రాశారా అన్నాను. లేదంది. చీటీని మాత్రం మడిచి తన దగ్గర ఉంచుకుంది.

ఇత్తడి బిగింపు మన ఇంజను మూతికి పట్టలేదు. బెల్టులు కుట్టే మందపు తోలుతో ఒక తొడుగు కోసి, మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుట్టి, పైన తీగ చుట్టి బిగించాను. చేతుల చర్మం ఇంకా పలచగా ఉండేది. తోలుకు బెజ్జం పెట్టే ఆర దింపినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరిగేవి. శెట్టిగారు దారం లాగి పట్టుకునేవారు.

దళంలో తొమ్మిది మందిమి చేరాం. ఆ ముసలి పాలేరు, శెట్టిగారి తమ్ముడు, ఇద్దరు రైల్వే కూలీలు, నలుగురు యానాదులు, నేను. అందరికీ టోపీలు కుట్టిపెట్టాను, నాకు తెలిసిన విద్య అంతా చూపించి. ఎండకు రెండో రోజే అందరూ వాటిని పక్కన పెట్టి తుండుగుడ్డలు చుట్టుకున్నారు. “తల ఉడికిపోతుండాదన్నా,” అన్నాడు ఒకడు. నిజమే. చలిదేశపు కుట్టు మనకు పనికిరాదని ఐదేళ్లకు తేలింది. నేనూ తుండుగుడ్డే చుట్టుకున్నాను. టోపీలు పోగుచేయడం మాత్రం మానలేదు. శ్రీహరికోటలో రాకెట్ల పని మొదలైందని ఊరంతా చెప్పుకునేనాటికి నా పెట్టెలో ఇరవై మూడు ఉన్నాయి.

దళం కట్టిన కొత్తలో, గొట్టాన్ని మొదటిసారి పరీక్షించిన ఆదివారం పొద్దున ఆసామి కూడా గట్టు మీద నిలబడి చూశాడు. తడపమన్నారని తొట్టిలో గంటసేపు నానబెట్టాం. అయినా ఇంజను వేయగానే నార సందుల్లోంచి అడుగడుగునా నీళ్లు చిమ్మాయి. చివరికి వచ్చే ధార పిల్లకాలువంత కూడా లేదు. శెట్టిగారి తమ్ముడు ఇది దండగన్నాడు. ఆపబాకండి, నార ఉబ్బాలి అన్నాను. ఇంజను ఆడుతూనే ఉంది. ఇంతలో గుడిసెల నుంచి ఆడవాళ్లు బిందెలు తెచ్చుకుని గొట్టం పొడవునా కూర్చున్నారు, కారే చోటల్లా ఒక బిందె. ఒకామె ఆసామి వైపు చూసి, “పట్టుకోమంటారా అయ్యా?” అని అడిగింది. ఆయన చెయ్యి ఊపాడు. బిందెలు నిండుతూ ఉండగా కారడం కొంచెం కొంచెంగా తగ్గింది. ధార పదడుగులు లేచింది, తరువాత ఇరవై. పొలం వైపు చివరనున్న గుడిసె కప్పు దాటి అవతలి ఇసుకలో పడింది.